అతిసంతృప్త ద్రావణంలో పాలిమర్, సర్ఫ్యాక్టెంట్ రెండూ కలిపి వాడొచ్చా?

మీరు చెప్పిన సంగతి క్లుప్తంగా ఇదీ. నీటిలో దాదాపు కరగని మందును హెచ్‌పీఎంసీ-ఏఎస్ అనే పాలిమర్‌తో కలిపి స్ప్రే డ్రై చేశారు, అంటే ద్రావణాన్ని తుంపరగా చల్లి ఆరబెట్టి పొడి చేశారు. ఆ పొడిని పీహెచ్ 6.8 బఫర్‌లో వేస్తే గాఢత మామూలుగా కరిగే హద్దు దాటి పెరిగి (ఇదే అతిసంతృప్త స్థితి) రెండు గంటలపాటు అలాగే నిలిచింది. పొడి సరిగా తడవడం లేదని ఫార్ములాలో కొద్దిగా సోడియం లారిల్ సల్ఫేట్ అనే సర్ఫ్యాక్టెంట్ (సబ్బులా తలాల మీద చేరే పదార్థం), అంటే మనం రోజూ అనే ఎస్ఎల్ఎస్, చేర్చారు. ఈసారి మొదటి పది నిమిషాల్లో గాఢత ఇంకా వేగంగా పెరిగింది గానీ, అరగంట తిరక్కుండానే స్ఫటికాలు కనబడి పడిపోయింది. పోనీ అని 1 శాతం ఎస్ఎల్ఎస్ కలిపిన మీడియంలో టెస్ట్ చేస్తే నూటికి నూరు శాతం కరిగినట్టు వచ్చింది. ఎలుకలకిచ్చి చూస్తే మాత్రం రక్తంలో స్థాయి పెరగకపోగా కాస్త తగ్గింది. ఇంతకీ సర్ఫ్యాక్టెంట్ మేలు చేస్తోందా, కీడు చేస్తోందా అన్నది మీ సందేహం.

రెండూ కలిపి వాడొచ్చు. మార్కెట్‌లో ఉన్న మంచి మందులు కొన్ని అలాగే తయారవుతున్నాయి. కానీ మీరు వేసిన సర్ఫ్యాక్టెంట్ ముందుగా ఎవరిని పట్టుకుంటోంది, మందునా, పాలిమర్‌నా, పుడుతున్న స్ఫటికాన్నా అన్నది తేలకుండా "మంచిదా చెడ్డదా" అన్న ప్రశ్నకు జవాబు దొరకదు. మీ రెండు ఫలితాలూ ఒకే సమస్యలా కనిపిస్తున్నాయి గానీ నిజానికి రెండు వేర్వేరు సమస్యలు. ముందు రెండోదాని సంగతి, అంటే ఎస్ఎల్ఎస్ మీడియంలో పూర్తిగా కరిగిన మందు ఎలుకల్లో పనిచేయకపోవడం, చూద్దాం, ఎందుకంటే అదే ఎక్కువమందిని తప్పుదారి పట్టిస్తుంది.

ఒక మందు అనుకోండి. దాని స్ఫటికం బఫర్‌లో మిల్లీలీటరుకు 2 మైక్రోగ్రాములు కరుగుతుంది. అదే మందు అమార్ఫస్ (అణువులకు స్ఫటిక క్రమం లేని) రూపంలో 20 మైక్రోగ్రాముల దాకా కరుగుతుంది. ఈ 20 అన్నది పైకప్పు లాంటి హద్దు. దాన్ని దాటి మందు వేస్తే మిగతాది నీటిలో ఉండలేక చిన్న చిన్న బిందువులుగా విడిపోతుంది. దీన్నే ద్రవ-ద్రవ ప్రావస్థ విభజన అంటున్నాం. బిందువులు సాధారణంగా కొన్ని వందల నానోమీటర్ల సైజులో ఉంటాయి, మందుతో నిండి ఉంటాయి. ఇప్పుడు మీరు 50 మైక్రోగ్రాములు వేశారు. నీటిలో విడి అణువులుగా ఉన్నది 20, బిందువుల్లో ఉన్నది 30. అతిసంతృప్తత అంటే విడి మందును స్ఫటిక ద్రావణీయతతో భాగిస్తే వచ్చేది: 20ని 2తో భాగిస్తే 10.

ఇప్పుడు ఇదే ద్రావణంలో మైసెల్స్ (మందును లోపల దాచుకునే సర్ఫ్యాక్టెంట్ అణువుల గుంపులు) ఏర్పడేంత సర్ఫ్యాక్టెంట్ వేయండి. స్ఫటిక ద్రావణీయత 2 నుంచి 10కి పెరిగిందనుకుందాం. అమార్ఫస్ ద్రావణీయత కూడా అదే నిష్పత్తిలో 100కి పెరిగిందనుకుందాం. మీ 50 మైక్రోగ్రాములూ హాయిగా కరిగిపోయాయి, ద్రావణం తేటగా ఉంది, బిందువులు లేవు. కానీ అతిసంతృప్తత ఎంత? 50ని 10తో భాగిస్తే 5. అంటే సగమైంది. పేగు గోడ గుండా మందు దాటే వేగం విడి మందు మీద ఆధారపడుతుంది కాబట్టి, అదీ సుమారు సగానికి వస్తుంది. ద్రావణం చూడటానికి బాగుపడింది, మందుకు బయటికి వెళ్లాలన్న తొందర తగ్గిపోయింది.

ఇక్కడ మరో చిక్కు ఉంది. మొదటి ద్రావణాన్ని 0.45 మైక్రాన్ ఫిల్టర్ గుండా పంపి హెచ్‌పీఎల్‌సీలో (మందు ఎంతుందో కొలిచే పరికరంలో) చూస్తే ఎంత వస్తుంది? బిందువుల్లో చాలావరకు ఆ రంధ్రాల గుండా వెళ్లిపోతాయి కాబట్టి దాదాపు 50 వస్తుంది. రెండో ద్రావణంలోనూ 50 వస్తుంది. రెండు గ్రాఫులూ ఒకదాని మీద ఒకటి పడతాయి. ఒకదానిలో చోదక శక్తి ఇంకోదాని కంటే రెట్టింపు ఉన్న సంగతి ఆ అంకెలో ఎక్కడా కనబడదు. 1 శాతం ఎస్ఎల్ఎస్ అంటే లీటరుకు సుమారు 35 మిల్లీమోల్స్. నీటిలో 25 డిగ్రీల దగ్గర దాని మైసెల్ హద్దు, అంటే మైసెల్స్ పుట్టడం మొదలయ్యే గాఢత, 8 మిల్లీమోల్స్ దగ్గర ఉంటుంది. బఫర్‌లో లవణాలు ఉంటాయి కాబట్టి ఆ హద్దు ఇంకా కిందికి దిగుతుంది. అంటే మీ మీడియం నిండా మైసెల్సే. అందులో నూరు శాతం కరగడం మందు గొప్పా కాదు, ఫార్ములా గొప్పా కాదు. మాత్రలోంచి మందు విడుదలవుతోందని తెలుసుకోవడానికి ఆ టెస్ట్ పనికొస్తుంది, అంతవరకే. ఎలుక కడుపులో ఆ 35 మిల్లీమోల్స్ ఎక్కడినుంచి వస్తాయి?

ఒక మినహాయింపు చెప్పాలి. పేగు గోడను ఆనుకుని కదలని నీటి పొర ఒకటి ఉంటుంది. బాగా కొవ్వులో కరిగే మందులకు గోడ దాటడం కంటే ఆ పొరను దాటడమే కష్టం. అలాంటి చోట మైసెల్స్ గానీ, నానో బిందువులు గానీ మందును మోసుకుని గోడ దాకా తెచ్చి కొంత మేలు చేస్తాయి. కాబట్టి "మైసెల్‌లోకి వెళ్లిన మందు వృథా" అని తీర్మానించకండి. ఆ మేలు ఎంత అన్నది మందును బట్టి ఉంటుంది, కొలిచి చూడాల్సిందే.

ఇప్పుడు పాలిమర్ దగ్గరికి వద్దాం. పాలిమర్ చేసే పని స్వభావమే వేరు. మనం వాడే మోతాదుల్లో హెచ్‌పీఎంసీ, పీవీపీ, కోపొవిడోన్, హెచ్‌పీఎంసీ-ఏఎస్ వంటివి చాలా మందుల స్ఫటిక ద్రావణీయతను పెద్దగా మార్చవు. పై ఉదాహరణలో పాలిమర్ వేసినా 2 అన్నది 2 దగ్గరే, 20 అన్నది 20 దగ్గరే ఉంటాయి. అతిసంతృప్తత 10 అలాగే ఉంటుంది. మారేది కాలం. ఐదు నిమిషాల్లో పడిపోవాల్సిన ద్రావణం రెండు గంటలు నిలబడుతుంది. సర్ఫ్యాక్టెంట్ ప్రధానంగా ఉష్ణగతికంగా, అంటే ఎంత కరగగలదన్న హద్దు మీద, పనిచేస్తుంది, పాలిమర్ ప్రధానంగా వేగాల మీద పనిచేస్తుంది. ఈ తేడా మనసులో ఉంటే సగం గందరగోళం పోతుంది.

అసలు పాలిమర్ స్ఫటికాన్ని ఎలా ఆపుతుంది? దీని మీద నాకిప్పటికీ బాగా నచ్చే వివరణ 1970లో సిమోనెల్లి, మెహతా, హిగుచి సల్ఫాథయజోల్ అనే మందు, పీవీపీల మీద చేసిన పనిలోది. పీవీపీ స్ఫటికం ముఖం మీద వలలా పరుచుకుంటుంది. స్ఫటికం పెరగాలంటే ఆ వల కన్నాల్లోంచి వేళ్లలా బయటికి పొడుచుకు రావాలి. అంత సన్నటి వంపు ఉన్న ఉపరితలానికి ద్రావణీయత ఎక్కువ, అంటే అది మళ్లీ కరిగిపోవడానికే మొగ్గుతుంది. ద్రావణంలో అతిసంతృప్తత ఒక హద్దు దాటితే తప్ప ఆ వేలు బయటికి రాలేదు. వల ఎంత ఒత్తుగా ఉంటే ఆ హద్దు అంత పైన ఉంటుంది. ఇందులోంచి ఒక ఉపయోగకరమైన సంగతి తేలుతుంది: పాలిమర్ స్ఫటికం మీద ఉన్నంతసేపే వల ఉంటుంది. దాన్ని అక్కడినుంచి ఊడబెరికేది ఏదైనా వస్తే ఆట ముగిసినట్టే.

ఏ పాలిమర్ బాగా అంటుకుంటుంది? మరీ నీటి ప్రియమైనది అయితే నీటిలోనే ఉండిపోతుంది, స్ఫటికం వైపు రాదు. మరీ నీటిని గిట్టనిది అయితే తనలో తానే ముడుచుకుని ఉండకడుతుంది, పరుచుకోదు. మధ్యస్థంగా ఉన్నవి ఎక్కువ పనిచేస్తాయని సెల్యులోజ్ పాలిమర్లతో, రిటోనవిర్ వంటి మందులతో చేసిన పరిశోధనల్లో పదే పదే కనబడింది. హెచ్‌పీఎంసీ-ఏఎస్ అందుకే అంత పేరు తెచ్చుకుంది. దాని అసిటేట్ గుంపులు మందుకూ స్ఫటికానికీ అంటుకుంటాయి. సక్సినేట్ గుంపులు పేగు పీహెచ్‌లో విద్యుదావేశం పొంది పాలిమర్ గొలుసును విప్పి ఉంచుతాయి, బిందువుల మీద చేరి అవి ఒకదానితో ఒకటి కలవకుండా వికర్షిస్తాయి. మోతాదు కూడా పెద్దగా అక్కర్లేదు, మిల్లీలీటరుకు కొన్ని మైక్రోగ్రాములతోనే ప్రభావం కనిపించే సందర్భాలున్నాయి.

పాలిమర్‌కి ఉన్న బలహీనత ఏమిటంటే, కేంద్రకాలు, అంటే స్ఫటికాల తొలి మొలకలు, పుట్టకుండా ఆపినంత బాగా, అప్పటికే ఉన్న స్ఫటికాలను ఆపలేకపోవచ్చు. స్ప్రే డ్రైయింగ్‌లో ఎక్కడో మిగిలిన కొద్దిపాటి స్ఫటికాలు, నిల్వలో తేమ తగిలి పుట్టినవి, ద్రావణంలోకి దిగీ దిగగానే విత్తనాలవుతాయి. అందుకని ద్రావణ ప్రయోగాల మీద తీర్మానానికి వచ్చేముందు పొడిని ఎక్స్‌రే డిఫ్రాక్షన్‌లో ఒకసారి, వీలైతే పోలరైజ్డ్ మైక్రోస్కోప్ కింద మరోసారి చూడండి. కొద్ది శాతం స్ఫటికాలుంటే ఎక్స్‌రేలో దొరక్కపోవచ్చు, మైక్రోస్కోప్‌లో దొరుకుతాయి.

ఇక మీ మొదటి సమస్య, అంటే ఫార్ములాలో కొద్దిగా ఎస్ఎల్ఎస్ వేయగానే స్ఫటికాలు తొందరగా రావడం. ఇది లెక్కతో చూస్తే తేటతెల్లమవుతుంది.

సంప్రదాయ న్యూక్లియేషన్ (కేంద్రకాలు పుట్టడం) సిద్ధాంతం ప్రకారం కేంద్రకం పుట్టడానికి దాటాల్సిన శక్తి అవరోధం, స్ఫటికానికీ ద్రావణానికీ మధ్య ఉన్న అంతరతల శక్తి ఘనానికి అనులోమానుపాతంలోనూ, అతిసంతృప్తత సహజ లాగరిథం వర్గానికి విలోమానుపాతంలోనూ ఉంటుంది. సర్ఫ్యాక్టెంట్ ఈ రెండింటినీ తగ్గిస్తుంది, అవరోధం మాత్రం వాటి వల్ల ఎదురెదురు దిశల్లో కదులుతుంది. అంతరతల శక్తి 20 శాతం తగ్గిందనుకోండి. 0.8 ఘనం అంటే 0.51. అవరోధం సగమైపోయింది, స్ఫటికం పుట్టడం తేలికైంది. అదే సమయంలో మైసెల్స్ వల్ల అతిసంతృప్తత 10 నుంచి 5కి దిగిందనుకోండి. 10 లాగరిథం వర్గం 5.3, 5 లాగరిథం వర్గం 2.6. అవరోధం రెట్టింపైంది. రెండూ దాదాపు చెల్లుకు చెల్లు. ఒకే సర్ఫ్యాక్టెంట్ ఒక పేపర్‌లో స్ఫటికీకరణను ఆపిందనీ, మరో పేపర్‌లో తొందరపెట్టిందనీ రావడంలో వింత లేదు. ఈ త్రాసు ఏ వైపు మొగ్గిందన్నదే తేడా.

ఇప్పుడు అసలు ప్రమాదం ఎక్కడుందో చూడండి. మైసెల్ హద్దుకు దిగువన రెండో ప్రభావం దాదాపు ఉండదు, మొదటిది మాత్రం ఉంటుంది. ఒక మాత్రలో 5 మిల్లీగ్రాముల ఎస్ఎల్ఎస్ ఉంది, అది 250 మిల్లీలీటర్ల నీటిలో పడింది. లెక్కేస్తే సుమారు 0.07 మిల్లీమోల్స్, అంటే హద్దులో నూరో వంతుకు కూడా చేరదు. మందును కరిగించి పట్టుకునే మైసెల్స్ ఒక్కటీ లేవు. కానీ అంతరతలాలకు ఎగబడే అణువులు ఉన్నాయి, పైగా కరుగుతున్న రేణువు చుట్టూ ఉండే పలుచని పొరలో వాటి గాఢత ఈ సగటు కంటే చాలా ఎక్కువ. ఫార్ములాలో "కొంచెమే కదా" అని వేసే సర్ఫ్యాక్టెంట్ ఎక్కువగా ఈ ప్రాంతంలోనే పనిచేస్తుంది. కొంచెం వేయడం సురక్షితం అన్న నమ్మకం ఈ రంగంలో చాలా బలంగా ఉంది. నా దృష్టిలో అది నిలబడే నమ్మకం కాదు.

దీనికి తోడు పాలిమర్‌తో పేచీ ఉంది. సర్ఫ్యాక్టెంట్, పాలిమర్ ఒకే నీటిలో ఉంటే అవి మందు కోసం ఎదురుచూస్తూ కూర్చోవు, ముందు ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. ఎస్ఎల్ఎస్ లాంటి రుణావేశ సర్ఫ్యాక్టెంట్లు పీవీపీ మీదా, సెల్యులోజ్ ఈథర్ల మీదా గుంపులు గుంపులుగా అంటుకుంటాయి. ఇలా అంటుకోవడం మామూలు మైసెల్ హద్దు కంటే బాగా దిగువనే మొదలవుతుంది. దాన్ని క్రిటికల్ అగ్రిగేషన్ గాఢత అంటాం. పాలిమర్‌లో నీటిని గిట్టని భాగాలు ఏవైతే స్ఫటికానికి అంటుకోవాలో, వాటినే ఎస్ఎల్ఎస్ తోకలు కప్పేస్తాయి. పైగా ఆ సల్ఫేట్ తలల రుణావేశం వచ్చి చేరి పాలిమర్ ఇంకా నీటి ప్రియమవుతుంది. వల స్ఫటికం మీది నుంచి లేచి నీటిలోకి వచ్చేస్తుంది. మందుకూ పాలిమర్‌కూ మధ్య ఉన్న బంధాలూ పలచబడతాయి.

ఇదేదో ఊహ కాదు. పోసకొనజోల్ అనే మందు, హెచ్‌పీఎంసీ-ఏఎస్ కలిసిన అమార్ఫస్ డిస్పర్షన్ (పాలిమర్‌లో మందు స్ఫటికం కాకుండా చెదిరి ఉన్న పొడి) మీద 2016లో వచ్చిన ఒక పరిశోధనలో అచ్చంగా మీరు చెప్పినట్టే జరిగింది. ఎస్ఎల్ఎస్ పోటీకి వచ్చి హెచ్‌పీఎంసీ-ఏఎస్‌ను పట్టుకోవడంతో పోసకొనజోల్‌ను కాపాడేవాళ్లు లేకపోయారు, నోటి ద్వారా ఇచ్చినప్పుడు శరీరానికి అందే మందు తగ్గింది. ఇది చదివి ఎస్ఎల్ఎస్, హెచ్‌పీఎంసీ-ఏఎస్ జతనే నిషేధించాలనుకుంటారేమో. కానీ ఐవకాఫ్టర్ మాత్రలో ఈ రెండూ ఉన్నాయి, ఆ మందు 2012 నుంచి సిస్టిక్ ఫైబ్రోసిస్ రోగులకు అందుతోంది. జత అదే, మందు మారితే ఫలితం మారింది. అందుకే పాలిమర్, సర్ఫ్యాక్టెంట్, మందు మూడింటినీ కలిపి ఒక్క వ్యవస్థగా చూడాలి. ఇద్దరిద్దరి మధ్య సంబంధాల పట్టిక చూసి ముగ్గురి సంగతి చెప్పలేం.

అయానిక్ కాని సర్ఫ్యాక్టెంట్లు, అంటే ట్వీన్ 80, విటమిన్ ఇ టీపీజీఎస్, సోర్బిటాన్ లారేట్, పొలొక్సమర్ వంటివి, పాలిమర్లను సాధారణంగా ఇంత గట్టిగా పట్టుకోవు. లోపినవిర్-రిటోనవిర్ మాత్ర 2005లో మెల్ట్ ఎక్స్‌ట్రూజన్‌తో (కరిగించి ఒత్తి తీసే పద్ధతితో) వచ్చినప్పుడు అందులో కోపొవిడోన్, దానికి తోడుగా సోర్బిటాన్ లారేట్ వాడారు. ఆ జత అక్కడ చక్కగా కుదిరింది. వీటిలో ఇంకో సంగతి గమనించండి. ట్వీన్ 80 మైసెల్ హద్దు చాలా తక్కువ, లీటరుకు పది పదిహేను మిల్లీగ్రాముల ప్రాంతంలో ఉంటుంది. అంటే ఒక మాత్రలోని కొద్ది మిల్లీగ్రాములు కడుపు నీటిలో కలిసినా మైసెల్స్ ఉండే అవకాశం ఉంది. ఎస్ఎల్ఎస్‌లా "పలచబడిపోయి అంతరతలాల మీద మాత్రమే మిగలడం" అన్న గండం వీటికి తక్కువ.

మీ మందు క్షార స్వభావం ఉన్నదైతే ఇంకో విషయం అర్జెంటుగా చూసుకోండి. కడుపు ఆమ్లంలో అది ధనావేశం పొందుతుంది, లారిల్ సల్ఫేట్ రుణావేశం. రెండూ కలిసి నీటిలో కరగని లవణంగా పడిపోవచ్చు. అది అమార్ఫస్‌గా కూడా ఉండొచ్చు కాబట్టి మైక్రోస్కోప్‌లో మెరవదు, చూసేవాళ్లకు మందు ఎక్కడికి పోయిందో అర్థం కాదు. 0.1 నార్మల్ హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో మందును ముందే కరిగించి, అందులో ఎస్ఎల్ఎస్ చుక్కలు వేసి చూస్తే నిమిషంలో తెలిసిపోతుంది. తెల్లగా మబ్బు పడితే ఎస్ఎల్ఎస్‌ను ఆ క్షణమే పక్కన పెట్టేయండి.

పైత్య లవణాల గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే చాలామంది "పేగులో ఎలాగూ సర్ఫ్యాక్టెంట్ ఉంటుంది కదా, ఎస్ఎల్ఎస్ మీడియం దానికి ప్రత్యామ్నాయం" అనుకుంటారు. కాదు. ఎస్ఎల్ఎస్ వంగే పొడవాటి తోక ఉన్న అణువు. పైత్య లవణమైన టారోకోలేట్ బిగుసుకుని ఉన్న స్టెరాయిడ్ పలక, ఒక ముఖం నీటికి, ఒక ముఖం కొవ్వుకు. అది చాలా మందుల విషయంలో స్ఫటికాల పుట్టుకను ఆలస్యం చేస్తుందని చూపించిన పరిశోధనలున్నాయి. పైగా అసలు పేగులో అది లెసిథిన్‌తో కలిసి మిశ్రమ మైసెల్స్‌గా ఉంటుంది. పరగడుపు పేగుకు నమూనాగా వాడే ఫాసిఫ్ ద్రావణంలో 3 మిల్లీమోల్స్ టారోకోలేట్, 0.75 మిల్లీమోల్స్ లెసిథిన్, పీహెచ్ 6.5. తిన్న తర్వాతి పేగుకు వాడే ఫెసిఫ్‌లో అవే 15, 3.75 మిల్లీమోల్స్, పీహెచ్ 5. ఫెసిఫ్ పీహెచ్ 5 దగ్గర హెచ్‌పీఎంసీ-ఏఎస్ సరిగా కరగదన్నది మరవకండి. ఎల్ గ్రేడ్‌కే 5.5 కావాలి, హెచ్ గ్రేడ్‌కి 6.5 పైన కావాలి. అక్కడ గాఢత తక్కువ వస్తే నేరం సర్ఫ్యాక్టెంట్ మీదకు తోయకండి.

నానో బిందువుల సంగతి వదిలేస్తే ఈ చిత్రం పూర్తికాదు. పాలిమర్ ఉన్నప్పుడు ఆ బిందువులు మందు గోదాముల్లా ఉంటాయి. పేగు గోడ గుండా విడి మందు వెళ్లిపోతుంటే ఆ మేరకు బిందువుల్లోంచి వచ్చి చేరుతుంది, విడి మందు గాఢత 20 దగ్గరే నిలుస్తుంది. ఇంతకు మించిన స్థితి మనకు దొరకదు. ఇందులో సర్ఫ్యాక్టెంట్ రెండు విధాలుగా వేలు పెడుతుంది. బిందువు ఉపరితలం మీద చేరి అవి కలిసిపోకుండా ఆపితే మేలు. కోపొవిడోన్ లాంటి ఆవేశం లేని పాలిమర్ ఉన్న చోట ఈ సాయం నిజంగా అవసరమవుతుంది. అలా కాక బిందువు లోపలికే దూరితే మందును పలచన చేస్తుంది, లోపలి అణువులకు కదలిక పెంచుతుంది. కదలిక పెరిగిన చోట స్ఫటికం తొందరగా పుడుతుంది, విడి మందు గాఢత కూడా 20 నుంచి కిందికి జారుతుంది. చిన్నగా, కొవ్వు ప్రియంగా ఉండే సర్ఫ్యాక్టెంట్ లోపలికి దూరే అవకాశం ఎక్కువ.

2007లో సెలికాక్సిబ్ లవణాల మీద వచ్చిన పనిలో వాడిన స్ప్రింగ్, పారాచూట్ అనే పోలిక మన రంగంలో అందరి నోళ్లలో నానుతోంది. వేగంగా పైకెగరడం స్ప్రింగ్, నెమ్మదిగా దిగడం పారాచూట్. పోలిక బాగుంది గానీ దాని వల్ల ఒక నష్టం జరిగింది. పాలిమర్‌నీ సర్ఫ్యాక్టెంట్‌నీ ఒకే గాటన కట్టి "పారాచూట్లు" అనేస్తున్నారు. సర్ఫ్యాక్టెంట్ కొన్నిసార్లు దిగడాన్ని ఆపడం కాకుండా నేలనే పైకెత్తుతుంది, దాంతో ఎత్తు తగ్గిపోతుంది. పాక్లిటాక్సెల్ మీద 2003లో వచ్చిన సూపర్‌శాచురేటబుల్ ఎమల్షన్ పని దీనికి మంచి జవాబు. అక్కడ చేసిందల్లా సర్ఫ్యాక్టెంట్ పాలు తగ్గించి, ఆ ఖాళీని కొద్దిపాటి హెచ్‌పీఎంసీతో నింపడం. ఎలుకల్లో శోషణ బాగా పెరిగింది. కరిగించే బలం తగ్గించి, నిలబెట్టే బలం పెంచారు.

మరి మీరు ఇప్పుడు ఏం చేయాలి? ఫార్ములాను కదపకముందు ద్రావణంలోనే తేల్చుకోండి. మందును డీఎంఎస్‌ఓ అనే ద్రావణిలో గాఢంగా కరిగించి, దాన్ని 37 డిగ్రీల బఫర్‌లోకి ఒకటి రెండు శాతం దాటకుండా వేసే పద్ధతి చాలు. నాలుగు రకాల బఫర్లు తీసుకోండి: ఏమీ లేనిది, పాలిమర్ మాత్రమే ఉన్నది, సర్ఫ్యాక్టెంట్ మాత్రమే ఉన్నది, రెండూ ఉన్నది. సర్ఫ్యాక్టెంట్ ఉన్నవాటిని రెండు గాఢతల్లో చేయండి, ఒకటి మాత్ర పలచబడ్డాక నిజంగా ఉండే గాఢత, రెండోది మైసెల్ హద్దు పైన. ప్రతి దాంట్లోనూ స్ఫటిక ద్రావణీయత విడిగా కొలవండి. ఇది కొలవకుండా అతిసంతృప్తత అనే మాట వాడకూడదు, ఎందుకంటే భాగించాల్సిన అంకె ప్రతి మీడియంలోనూ వేరు. ఏ స్ఫటిక రూపం అన్నది కూడా రాసుకోండి. 1998లో రిటోనవిర్ క్యాప్సూల్స్‌లో అంతకు ముందు ఎరగని, ఇంకా తక్కువ కరిగే స్ఫటిక రూపం బయటపడి ఆ క్యాప్సూల్స్‌ను మార్కెట్ నుంచి తీసేయాల్సి వచ్చింది. అంటే భాగించే అంకె మన కళ్ల ముందే మారిపోగలదు.

పైన నేను అమార్ఫస్ ద్రావణీయత కూడా అదే నిష్పత్తిలో పెరుగుతుందని అనుకున్నాను కదా, నిజంలో అలా జరగకపోవచ్చు. మైసెల్స్‌లో మందు నిండే కొద్దీ వాటి పట్టే శక్తి మారుతుంది. స్ఫటికంతో కొలిచిన కరిగింపు శక్తి, అతిసంతృప్త స్థితిలో అలాగే ఉంటుందన్న హామీ లేదు. అటజనవిర్ అనే మందుతో చేసిన పనిలో ఈ తేడా స్పష్టంగా బయటపడింది. అందుకే గాఢతల నిష్పత్తి మీద పూర్తిగా ఆధారపడకుండా పక్కపక్కన రెండు గదులుండే డిఫ్యూజన్ సెల్ పెట్టి, పొర గుండా మందు దాటే వేగం కొలవడం మేలు. ఆ వేగం ఒక్కటే విడి మందు ఎంత చురుగ్గా ఉందో సూటిగా చెబుతుంది. మీ దగ్గర ఒక్క పరికరానికే టైమ్ ఉంటే, డిసొల్యూషన్ బాత్ పక్కన పెట్టి దీన్నే ఎంచుకోండి.

స్ఫటికాలు ఎప్పుడు మొదలయ్యాయో పట్టుకోవడానికి ఫైబర్ ఆప్టిక్ యూవీ ఉంటే రెండు తరంగదైర్ఘ్యాలు చూడండి. ఒకటి మందు శోషించుకునేది, ఇంకోటి మందు ఏమాత్రం శోషించుకోనిది. రెండోదాంట్లో సిగ్నల్ లేచిందంటే కాంతి చెదురుతోందని అర్థం. అది బిందువుల వల్లా కావచ్చు, స్ఫటికాల వల్లా కావచ్చు. అదే సమయంలో మొదటిది పడిపోతుంటే స్ఫటికాలే. అనుమానం ఉంటే ఒక చుక్క తీసి పోలరైజ్డ్ మైక్రోస్కోప్ కింద పెట్టండి. బిందువులు చీకటిగానే ఉంటాయి, స్ఫటికాలు మెరుస్తాయి. శాంపిల్ తీసినప్పుడు ఫిల్టర్ చేసిన మరుక్షణమే మీథనాల్‌తోనో అసిటోనైట్రైల్‌తోనో పలచన చేయండి. అలా చేయకపోతే శాంపిల్ సీసా హెచ్‌పీఎల్‌సీ ఆటోసాంప్లర్‌లో తన వంతు కోసం ఎదురుచూస్తూ లోపల స్ఫటికీకరణ కానిచ్చేస్తుంది, ఆ తప్పుడు అంకెను మీరు ఫార్ములాకు అంటగడతారు. ఫిల్టర్ పొర కూడా ఇలాంటి మందుల్ని పీల్చుకుంటుంది కాబట్టి మొదటి కొన్ని మిల్లీలీటర్లు పారబోయండి.

రెండూ ఉన్న బఫర్, పాలిమర్ ఒక్కటే ఉన్న బఫర్ కంటే తొందరగా పడిపోతే, మీ కేసు పోసకొనజోల్ కథే. నాకున్న అంచనా కూడా అదే. అప్పుడు ముందు ఎస్ఎల్ఎస్ తీసేసి, పొడి తడవకపోవడానికి అసలు కారణం వెతకండి. మందు పాలు ఎక్కువైతే హెచ్‌పీఎంసీ-ఏఎస్ డిస్పర్షన్లు నీటిని తోసేస్తాయి. మందు పాలు కొంచెం తగ్గించడం, మాత్రలో నీటిని పీల్చే ఫిల్లర్, మాత్రను విడగొట్టే డిసింటిగ్రెంట్ పాళ్లు సరిచేయడం వల్లే చాలాసార్లు పని జరిగిపోతుంది. అయినా సర్ఫ్యాక్టెంట్ కావాలనిపిస్తే సోర్బిటాన్ లారేట్, టీపీజీఎస్, పొలొక్సమర్‌లతో ఇదే నాలుగు బఫర్ల ప్రయోగం చేయండి. ఏది ఎంచుకున్నా అది పొడి గాజు పరివర్తన ఉష్ణోగ్రతను (గట్టి గాజు లాంటి పొడి మెత్తబడటం మొదలయ్యే ఉష్ణోగ్రతను) ఎంత కిందికి దించిందో కొలవండి. తేమ పీల్చిన స్థితిలో ఆ ఉష్ణోగ్రత, గోదాము ఉష్ణోగ్రతకు దగ్గరగా వస్తే ద్రావణంలో గెలిచిన ఫార్ములా నిల్వలో ఓడిపోతుంది.

రెండూ ఉన్న బఫరే ఎక్కువసేపు నిలిచి, డిఫ్యూజన్ సెల్‌లో దాటే వేగం కూడా తగ్గకపోతే ఎస్ఎల్ఎస్‌ను ఉంచుకోండి. అప్పుడు మీ స్ఫటికాలు వచ్చింది పొడిలో ముందే ఉన్న విత్తనాల వల్ల అయ్యుంటుంది, వెతకాల్సింది డ్రయ్యర్ దగ్గర. ఏ దారిలో వెళ్లినా చివరి ఎంపిక ఫాసిఫ్‌లో చూసిన తర్వాతే చేయండి. ఎలుకల విషయంలో మాత్రం ఒక తేడా గుర్తుంచుకోండి. వాటికి పిత్తాశయం ఉండదు, పైత్యరసం నిరంతరం కారుతూనే ఉంటుంది. పరగడుపున ఉన్న మనిషికి సరిపోయే జవాబు దానిలోంచి నేరుగా రాదు. కుక్కల అధ్యయనానికి డబ్బు ఖర్చుపెట్టే ముందు ఈ ద్రావణ ప్రయోగాలు పూర్తిచేసుకుంటే ఏ ఫార్ములా పంపాలో మీకే తెలిసిపోతుంది.